అయిదో డిస్కు

మూడు గంటల అయిదు నిమిషాలకు భూతద్దం కోర్టు రికార్డు ఆఫీసు మూడో అంతస్తులో అడుగు పెట్టేసరికి, ఇన్‌స్పెక్టర్ అప్పటికే కేసు తేల్చేసి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"రా వదినా," అన్నాడు లేవకుండానే. "భోజనాలు అయిపోయాయి. విస్తళ్లు ఎత్తే వేళకు వచ్చావు."

"మంచిదేగా మరిదీ. ఎవరేం తిన్నారో ఎవరేం వదిలేశారో విస్తరి చూస్తేనే తెలుస్తుంది."

భూతద్దం అన్నది పోలీసులు ఆమెకు పెట్టిన పేరు. నిజానికి ఆమె చేతిలో భూతద్దం ఏనాడూ లేదు. ముక్కు మీదికి జారిపోయే కళ్లజోడు, చేతిసంచి, అందులో గళ్ల నోటుబుక్కు, అంతే ఆమె సరంజామా. పద్దెనిమిదేళ్లు లెక్కల పాఠాలు చెప్పి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టింది. ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకు స్వయానా తమ్ముడు. ఇంట్లో ఉన్నంతసేపూ వదిన అంటే ప్రాణమిస్తాడు. కేసు దగ్గర తారసపడితే మాత్రం ఇద్దరూ వంతెన మీద ఎదురుపడ్డ పొట్టేళ్లే.

ఆమెను పిలిపించినవాడు రికార్డు ఆఫీసు సూపరింటెండెంటు. పదవీ విరమణకు మూడు నెలలున్న మనిషి. చెమట తుడుచుకోవడానికి తీసిన రుమాలు మళ్లీ జేబులో పెట్టుకోవడం మరిచిపోయి చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. గోడ పక్కన స్టూలు మీద ఇరవై ఆరేళ్ల అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. ఈ ఆఫీసు కంప్యూటర్ల డిస్కులకు ప్లాన్లు గీసే ఇంజనీరు. ఆఫీసులో అందరూ ఆమెను ప్లానర్ అని పిలుస్తారు.

"టూకీగా చెప్పు మరిదీ. టైములతో సహా."

ఇన్‌స్పెక్టర్ వేళ్లు మడిచాడు. "ఒంటిగంటకు మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేస్తామని ఇద్దరొచ్చారు. పేర్లు దొంగవి, కాగితం దొంగది. ఒకటీ పదికి డిస్కులుండే మెషీను గది తలుపు తెరుచుకుంది. ఒకటీ ఇరవైకి ఇద్దరూ సంచులు భుజాన వేసుకుని, వాచ్‌మన్‌కు నమస్కారం పెట్టి మరీ దిగిపోయారు. సంచుల్లో ఆరు డిస్కులు. తలుపు తెరిచిన కార్డు ఈ అమ్మాయిది. ఏ డిస్కు ఎక్కడుందో చెప్పే ప్లాను ఈ అమ్మాయిది. భోజనాల గదిలోంచి లేచి వెళ్లి తిరిగి రావడానికి పట్టిన ఆరు నిమిషాలూ ఈ అమ్మాయివే. నాలుగింటికి జీపొస్తుంది, ఎక్కించుకుని పోతా."

"మంచినీళ్లకు వెళ్లానండీ," అంది ప్లానర్.

"ఆరు నిమిషాలు పడితే బిందె నిండుతుందమ్మా, సీసా కాదు."

"వరసలో నా ముందు నలుగురున్నారండీ."

"కార్డు?" అని అడిగింది భూతద్దం.

"బల్ల మీద పెట్టి వెళ్లానండీ. మెళ్లో వేసుకుంటే తినేటప్పుడు కూరలో మునుగుతుంది. అందరం అలాగే పెట్టి వెళ్తాం."

సూపరింటెండెంటు చేయి అప్రయత్నంగా మెడ మీదికి పోయింది. ఆయన కార్డు కూడా అక్కడ లేదు. ఎదురుగా బల్ల మీద, కాగితాల బరువు కింద ఉంది. భూతద్దం చూసీ చూడనట్టు ముఖం తిప్పుకుంది.

"గదిలో కెమెరా ఉందన్నారు. దాని రికార్డింగేదీ?"

సూపరింటెండెంటు నీళ్లు నమిలాడు. "అది... ఆ డిస్కుల్లోనే దాస్తున్నామండీ."

"అంటే దొంగ తన ఫొటో కూడా తనే పట్టుకుపోయాడన్నమాట. బాగుంది. ఇంకా ఏమున్నాయి వాటిలో?"

అప్పటిదాకా ఉన్న వెటకారం ఇన్‌స్పెక్టర్ ముఖంలోంచి తుడిచేసినట్టు పోయింది. కుర్చీలోంచి లేచాడు.

"సోమవారం విచారణకొచ్చే హత్య కేసు వాంగ్మూలం ఉంది వదినా. సాక్షి ఒక లిఫ్ట్ ఆపరేటరు. ఇద్దరు పిల్లల తల్లి. లిఫ్టులో ఇద్దరు పైకి పోవడం చూసింది, ఒక్కడే కిందికి రావడం చూసింది. ఆ ఒక్కడు ఎవరనుకున్నావు? పేరు చెబితే ఊళ్లో సగం మంది లేచి నిలబడతారు. ఆవిడ నోరు విప్పనంటే ఏడుసార్లు వాళ్ల గుమ్మం ఎక్కాను. 'నీ పేరు బయటికి రాదక్కా, నాదీ పూచీ' అని మాటిచ్చాను. పేరు నాకు తెలుసు, జడ్జిగారికి తెలుసు. మా పెద్దసారుక్కూడా చెప్పలేదు. ఇక తెలిసింది ఆ డిస్కులకే. ముఖం, పేరు, ఇంటి నంబరు, అన్నీ ఉన్నాయి అందులో."

"తాళం వేసి దాచలేదా, ఎవరూ చదవకుండా?"

"వచ్చే నెల వేసే ఏర్పాటు ఉందండీ," అంది ప్లానర్ నేల చూపులు చూస్తూ.

"దొంగలు ఆ సంగతి తెలిసి ఈ నెలే వచ్చారు. పదండి, గది చూద్దాం."

*

మెషీను గది చలికి పళ్లు టకటకమంటున్నాయి. ఎదురెదురుగా రెండు ఇనుప బీరువాలు, మధ్యలో ఇద్దరు పక్కపక్కన నిలబడేంత దారి. ఒక్కో బీరువాకు నాలుగు వరసలు, వరసకు ఆరు గళ్లు. ఒక్కో గడిలో పుస్తకమంత డిస్కు. మొదటి బీరువాలో ఒకటి నుంచి ఇరవై నాలుగు, రెండోదానిలో ఇరవై అయిదు నుంచి నలభై ఎనిమిది. అక్కడక్కడ ఆరు ఖాళీలు, పళ్లూడిన నోట్లో సందుల్లా.

"అమ్మాయ్," అంది భూతద్దం. "నాకు కంప్యూటర్లు రావు. లెక్కలొచ్చు. నీ ప్లాను సంగతి నాకర్థమయ్యేలా చెప్పు. బెదురుతూ కాదు, పాఠం చెప్పినట్టు చెప్పు."

పని మాటెత్తగానే ఆ పిల్ల గొంతులో వణుకు తగ్గింది. "ప్లాను నేను చేత్తో గీయనండీ, దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. ఎన్ని డిస్కులున్నాయి, ఎంత సమాచారం దాచాలి, ఎన్ని చెడిపోయినా పని ఆగకూడదు అని అడుగుతుంది. చెబితే, ఏ డిస్కు ఏ గడిలో ఉండాలో, ఏవేవి కలిసి ఒక గుంపో గీసిస్తుంది. వాంగ్మూలాల గుంపులో ఆరు డిస్కులు. ఒక్కోదానిలో ముక్క ముక్క ఉంటుంది. ఆరింటిలో ఒకటి పోయినా, మిగతా అయిదూ కలిసి దాని ముక్కను మళ్లీ లెక్కగట్టేస్తాయి. రెండు పోతే మాత్రం ఇంక ఏమీ చదవలేం."

"అంటే చదవాలంటే అయిదు తప్పనిసరి. నాలుగుంటే?"

"నాలుగుంటే ఉత్త ఇనుమేనండీ."

భూతద్దం నోటుబుక్కులో '5' అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. "ప్లాను కాగితమేదీ?"

సూపరింటెండెంటు ఫైలు తెరిచాడు. సాఫ్ట్‌వేర్ అచ్చువేసిన పటం. వాంగ్మూలాల గుంపు ఎర్ర గళ్లలో, వరసకు ఒక్కటి చొప్పున. పటం కింద జాబితా: 4, 29, 11, 33, 17, 38.

"వరసకు ఒకటే ఎందుకు?"

"ఏ వరసకైనా కరెంటు పోతే గుంపులో ఒక్కటే పోవాలండీ. రెండు ఒకే వరసలో పెడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఎర్రగీత పెట్టి, సంతకం చేయనివ్వదు."

"ఇలాంటి కాగితాలు ఎన్నున్నాయి?"

"మూడండీ," అన్నాడు సూపరింటెండెంటు. "ఈ ఫైల్లోది ఒకటి. అమ్మాయి కంప్యూటర్లోది ఒకటి. మూడోది నియమం ప్రకారం పోలీసు భద్రతా విభాగానికి పంపాం."

"మొదటి కాగితం ఇప్పటిదాకా ఇనప్పెట్టెలో ఉంది, మూడోది మా ఆఫీసులో ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇక మిగిలింది ఎవరి దగ్గరిదో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు."

"చిన్నపిల్లల్ని అడిగే అలవాటు నాకూ ఉంది మరిదీ, పద్దెనిమిదేళ్లు అడిగాను. తొందరపడి చెయ్యెత్తినవాడి జవాబు చాలాసార్లు తప్పే అయ్యేది. మెషీను రాసుకున్న చిట్టా ఇవ్వండి."

మెషీను తనంతట తాను రాసుకునే చిట్టా అచ్చు తీసి, ఇన్‌స్పెక్టర్ అప్పుడే ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి పెట్టాడు. ఆమె దాన్ని బీరువా తలుపుకు ఆనించి చదివింది. ఒకటీ పన్నెండుకు నాలుగో గడి. పదమూడుకు ఇరవై తొమ్మిది, ఆ వెంటనే పదకొండు. పద్నాలుగుకు ముప్పై మూడు. పదిహేనుకు పదిహేడు. పదహారుకు ముప్పై ఎనిమిది.

కాగితం చూసుకుంటూ ఆమె ఈ బీరువా దగ్గర ఒక అడుగు, ఆ బీరువా దగ్గర ఒక అడుగు వేసింది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఆరుసార్లు తిరిగింది.

"ఏంటి వదినా, తొక్కుడుబిళ్లాటా?"

"నాది కాదు, వాళ్లది. ఈ గది తెలిసినవాడైతే ఈ బీరువాలో మూడూ లాగేసి, తర్వాత అటు తిరుగుతాడు. వీళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు లాగారు. ప్లాను కాగితం మీద జాబితా ఏ వరసలో ఉందో అదే వరసలో. చేతిలో కాగితం, కళ్లు కాగితం మీద."

"అదే నేనూ అంటున్నా. ఆ కాగితం ఈ అమ్మాయి ఇచ్చింది."

"ఇంకాస్త ఆగు. ముప్పై ఎనిమిది దగ్గర చిన్న అక్షరాల్లో ఏదో రాసుంది చూశావా? నువ్వు గీత దాని మీదుగానే కొట్టేశావు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. 'ఇది మంగళవారం నుంచి పనిచేయడం లేదు' అని ఉంది.

"అవునండీ," అన్నాడు సూపరింటెండెంటు. "మంగళవారమే పోయింది. కొత్తది కావాలని నేనే రాశాను, ఇంకా రాలేదు. అయిదింటితో నెట్టుకొస్తున్నాం."

భూతద్దం కళ్లజోడు పైకి తోసుకుంది. ఆమె కళ్లజోడు పైకి తోసుకుందంటే లెక్కలో ఒక మెట్టు ఎక్కిందని ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు. అందుకే చిరాకు పడ్డాడు.

"మరిదీ, దొంగకు కావలసింది ఈ వాంగ్మూలాన్ని నాశనం చేయడమా, చదవడమా?"

"రెండిట్లో ఏదైనా..."

"ఏదైనా కాదు. అప్పటికే గుంపులో ఒకటి చచ్చింది. ఇంకొక్కటి లాగితే చాలు, మొత్తం కుప్పకూలుతుంది. ఒకటీ పన్నెండుకు నాలుగో గడి లాగగానే కూలింది కూడా, చిట్టాలో ఉంది. నాశనమే కావాలంటే అక్కడితో పోవచ్చు. అయినా ఇంకో నాలుగు నిమిషాలు ఇక్కడే ప్రాణాలకు తెగించి తిరిగారు. ఎందుకు? వాళ్లకు చదవడం కావాలి. సాక్షి ఎవరో తెలుసుకోవాలి."

"సరే. చదవడానికే. అయితే?"

"అయితే, చచ్చిన డిస్కును ఎందుకు మోసుకెళ్లారు? అది చచ్చిందని ఈ అమ్మాయికి తెలుసు, పెద్దాయనకు తెలుసు. ఈ గదిలో పనిచేసేవాళ్లెవరూ శవాన్ని భుజాన వేసుకుని పోరు. మోసుకెళ్లినవాడికి గది తెలియదు. కాగితమే తెలుసు."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు, మెల్లగా, రెండే రెండుసార్లు. "భేష్. అనుమానం రాకుండా ఉండాలని ఆరూ లాగమని చెప్పి ఉంటుంది. చదవడానికి అయిదు చాలుగా? అయిదు బతికినవి వాళ్ల దగ్గరున్నాయి. నీ లెక్క నిలవదు వదినా."

అది నిజమే. భూతద్దం ఒప్పుకున్నట్టు తల ఊపింది. కానీ ఆమె చూపు ఇన్‌స్పెక్టర్ మీద లేదు. 'అయిదు బతికినవి వాళ్ల దగ్గరున్నాయి' అన్న మాటకు ప్లానర్ తల ఎత్తి, ఏదో అనబోయి, పెదవి కొరుక్కుంది. చూపు మాత్రం ఒక్కక్షణం పదిహేడో గడి మీద ఆగి, చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేసింది.

భూతద్దం మళ్లీ చిట్టా అందుకుంది. పదిహేడో గడి లాగిన నిమిషం కింద ఒక లైను. ఇన్‌స్పెక్టర్ అక్కడ గీత కొట్టలేదు, ఎందుకంటే అది వాంగ్మూలాల గుంపు గురించి కాదు. 'రెండో గుంపులో ఒక డిస్కు తగ్గింది.'

"రెండో గుంపు ఏమిటి పెద్దాయనా?"

"ఆఫీసు ఉత్తరాలండీ. సెలవు చీటీలు, హాజరు పట్టీలు..."

"ఎవరూ దాని జోలికి పోలేదు కదా. మరి ఆ ఇంట్లో ఏడుపెందుకు?"

భూతద్దం ప్లానర్‌ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, తను ఇంకోటి లాక్కుని, మోకాలికి మోకాలు తగిలేలా ఎదురుగా కూర్చుంది.

"పదిహేడులో ప్లాను చెప్పిన డిస్కు లేదు. కదూ?"

ప్లానర్ ఆ గడి వైపు చూడకుండా తల తిప్పుకుంది.

"దొంగతనం అంటే నువ్వు ఇంత భయపడలేదు. జీపు అన్నా ఇంత భయపడలేదు. ఈ గడి పేరెత్తితే భయపడుతున్నావు. చెప్పు తల్లీ. నీ దగ్గర ఉన్న చిన్న తప్పును దాచడానికి వీళ్ల పెద్ద తప్పును నెత్తినేసుకుంటావా?"

అంతే. కట్ట తెగినట్టు మాటలు వచ్చాయి.

"నాలుగు నెలల కిందట ఏసీ సరిగ్గా పనిచేయలేదండీ. పదిహేడు దగ్గర వేడి పెరిగిపోతోంది. అక్కడున్నది వాంగ్మూలాల డిస్కు. రెండు రోజులకని తీసి, చల్లగా ఉన్న ఇంకో గడిలో పెట్టి, అక్కడి ఉత్తరాల డిస్కును పదిహేడులో పెట్టాను. మెషీను తనే గుర్తుపట్టేస్తుంది, పని ఆగదు. కానీ ప్లాన్లో మార్చబోతే ఎర్రగీత వచ్చింది. ఒకే వరసలో రెండు పడుతున్నాయి. ఎర్రగీత వస్తే పైకి రిపోర్టు పోతుంది. ఏసీ బాగయ్యాక వెనక్కి మారుద్దామనుకున్నా. రేపు, ఎల్లుండి అంటూ ఉండిపోయింది." ఊపిరి పీల్చుకుంది. "మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనేనండీ మొదట. మా అమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చుని, బట్టలిచ్చే ప్రతివాళ్లకీ చెబుతుంది, 'మా అమ్మాయి గీసిన గీత దాటి మెషీన్లు నడవవు' అని. ఆ గీత నేనే దాటానని ఎలా చెప్పనండీ?"

సూపరింటెండెంటు రుమాలుతో ముఖం ఒత్తుకున్నాడు. "నాక్కూడా చెప్పలేదేంటమ్మా!"

"మీరు సంతకం పెట్టిన ప్లాను కదండీ. మీ రిటైర్మెంటు ముందు..."

"చెప్పకపోవడం తప్పే," అంది భూతద్దం. "ఆ తప్పుకు తిట్లు తినాలి, తిందువుగాని. కానీ ఈరోజు నీ తప్పే ఒక మనిషి ప్రాణం నిలబెట్టింది." లేచి మరిది వైపు తిరిగింది. "ఇప్పుడు లెక్క వెయ్యి. వాళ్లు లాగినవి ఆరు. అందులో ఒకటి శవం. ఒకటి సెలవు చీటీలు. మిగిలినవి?"

"నాలుగు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాలుగుంటే?"

జవాబు ప్లానర్ చెప్పింది. "ఉత్త ఇనుము."

"ఈ అమ్మాయే చేయించి ఉంటే, అసలు డిస్కు ఏ గడిలో ఉందో తెలిసి కూడా తప్పు గడి చూపిస్తుందా? చదవలేని సరుకు కోసం దొంగల్ని పెడుతుందా? నీ కార్డు, నీ ప్లాను, నీ ఆరు నిమిషాలు, మూడూ ఒక్క గడిలో మునిగాయి మరిదీ."

ఇన్‌స్పెక్టర్ దవడ బిగిసింది. నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు వేశాడు. మంచి పోలీసే. తప్పు ఒప్పుకోవడానికి అరనిమిషం పట్టింది, అంతే.

"జీపు వద్దంటాను," అన్నాడు. "ఏమనుకోకమ్మా." ఆ తర్వాత కళ్లు మెరిశాయి. "అయితే అయిదో డిస్కు ఇంకా ఈ గదిలోనే ఉందన్నమాట!"

"ఉంది. అది మన దగ్గర ఉన్నంతసేపూ లిఫ్టు ఆవిడ క్షేమం. దొంగలు ఈపాటికి డిస్కులు చదవబోయి, చదవలేక, జుట్టు పీక్కుంటూ ఉంటారు. మళ్లీ వస్తారు. ఈసారి ఆ ఒక్కదాని కోసమే." నోటుబుక్కు, పెన్సిలు ప్లానర్ చేతిలో పెట్టింది. "ఏ గడో రాయి. పైకి అనకు."

ఆ పిల్ల '8' అని రాసింది. భూతద్దం చూసి, ఆ కాగితం చింపి, మడిచి సంచిలో పడేసుకుంది. గొంతు సవరించుకుని అందరికీ వినిపించేలా చెప్పింది.

"ముప్పై ఒకటి. రెండో బీరువా, రెండో వరస, మొదటి గడి."

ప్లానర్ నోరు తెరిచింది. భూతద్దం చెప్పు ఆమె పాదం మీద పడింది. నోరు మూసుకుంది.

*

మూడూ ఇరవై అయిదు. ఇన్‌స్పెక్టర్ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లాడు. "పెద్దసారుకు చెప్పి తుపాకీలున్న మనుషుల్ని నలుగుర్ని రప్పిస్తా," అన్నాడు పోతూ.

భూతద్దం మెషీను గది మూల బల్ల దగ్గర సూపరింటెండెంటును తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆయన ఫోను, కార్డు తన ముందు పెట్టించి, ఈ వారం వచ్చిపోయినవాళ్ల రిజిస్టరు మొదటి నుంచి చదవమంది. పాపం ఆయన, తాను నిఘాలో ఉన్నానని తెలియక, ప్రతి పేరూ శ్రద్ధగా, ఇంటిపేరుతో సహా చదివాడు. ఆయన బల్ల వైపు తల వంచి ఉన్నప్పుడు, వెనక ప్లానర్ చప్పుడు కాకుండా ఎనిమిదో గడి తెరిచి, డిస్కు లాగి, తన శాలువాలో చుట్టి భూతద్దం సంచిలో పెట్టింది.

"ఆంటీ, ముప్పై ఒకటి అని ఎందుకు..." అని చెవిలో అడగబోయింది.

"అక్కా అను. ఆంటీ అంటే జవాబు చెప్పను."

"అక్కా, ఎందుకలా అన్నారు?"

"మీ ప్లాను తెలిసినవాడు, వచ్చే నెల తాళం పడుతుందని తెలిసినవాడు, వాడెవడో దగ్గరివాడే. దగ్గరివాడు వినాలంటే మనం గట్టిగా మాట్లాడాలి. విన్నాడో లేదో తెలియాలంటే అబద్ధమే మాట్లాడాలి."

మూడూ ముప్పై రెండుకు ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు. మనిషి తేలికపడ్డాడు. వదిన పక్కనే కూర్చుని, ఇంట్లో అన్నయ్య కొన్న పడక కుర్చీ గురించి, అందులో కూర్చుంటే లేవలేకపోతున్నాడని జోకులు కూడా వేశాడు. భూతద్దం నవ్వింది. గడియారం మాత్రం చూస్తూనే ఉంది.

మూడూ నలభై అయిదుకు గోడ మీద ఫోను మోగింది. కింద నుంచి వాచ్‌మన్.

"అయ్యా, డిస్కు మార్చడానికి కంపెనీ మనిషొచ్చాడు. రెండో బీరువాలో ముప్పై ఒకటో నంబరు పాడవబోతోందంట, అర్జెంటంట. పోలీసు భద్రతా విభాగం ముద్రున్న కాగితం తెచ్చాడు. పంపించమంటారా?"

ఫోను పట్టుకున్న సూపరింటెండెంటు ఆ మాటలన్నీ పైకి తిరిగి చెప్పాడు.

"ముప్పై ఒకటికి ఏమీ కాలేదు," అంది ప్లానర్. "అందులో ఉన్నవి హాజరు పట్టీలు."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు, వదిన వైపు మార్చి మార్చి చూశాడు. "హాజరు పట్టీలా? సాక్ష్యం అక్కడుందన్నావుగా!"

"సాక్ష్యం నా సంచిలో ఉంది," అంది భూతద్దం. "పెద్దాయనా, అతన్ని కూర్చోబెట్టి కదలనివ్వొద్దని చెప్పండి. మరిదీ, ముప్పై ఒకటి అన్న నంబరు ఈ గదిలో పుట్టింది. ఇరవై నిమిషాల కిందట, నా నోట్లో. విన్నది ముగ్గురు. అమ్మాయికి అది అబద్ధమని తెలుసు. పెద్దాయన నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. నువ్వు ఎవరికి చెప్పావు?"

ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫోను వైపు చూసుకున్నాడు.

"ఒక్కరికే," అన్నాడు. "పెద్దసారుకు."

మూడో ప్లాను కాగితం వెళ్లిన భద్రతా విభాగం ఆయన చేతి కిందిదే.

"పదకొండేళ్లు ఆయన కింద పనిచేశాను వదినా."

"తర్వాత బాధపడదాం. డిస్కు మన దగ్గరుంది, మనిషి కింద దొరికాడు. ఆయనకు పేరు తెలిసే దారి లేదు. ఈలోగా ఆవిణ్ణి..."

"వదినా." ఇన్‌స్పెక్టర్ గొంతు మారిపోయింది. "వరండాలోకి వెళ్లినప్పుడు ఫోను ఒక్కటే చేయలేదు. ఎందుకైనా మంచిదని, లిఫ్టు ఆవిడను ఈ పూటే వేరే ఇంటికి మార్పించమని కాగితం రాసి, కవర్లో పెట్టి సీలేసి, కిందున్న నా బండి డ్రైవరుతో పంపించాను."

"ఎవరి పేరు మీద?"

"ఇల్లు ఇప్పించే అధికారం పెద్దసారుకే ఉంది."

"కాగితం మీద ఏం రాశావు?"

"ఆవిడ పేరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చిరునామా."

ప్లానర్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భూతద్దం మాత్రం తొణకలేదు. "ఎప్పుడు బయల్దేరాడు?"

"మూడున్నరకు. ఇరవై అయిదు నిమిషాల దారి."

గోడ గడియారం మూడూ నలభై తొమ్మిది చూపిస్తోంది. "ఆరు నిమిషాలున్నాయి. డ్రైవరుకు ఫోన్ చెయ్యి."

"బండి నడిపేటప్పుడు ఫోనెత్తితే సస్పెండ్ చేస్తానని వాడికి నేనే..."

మాట పూర్తి కాకుండానే అతని చేతిలోని ఫోను మోగింది. తెర మీద రెండే మాటలు. పెద్దసారు.

"ఎత్తు," అంది భూతద్దం. "మామూలుగా మాట్లాడు. ముప్పై ఒకటి నీ దగ్గరుందనీ, ఆయన చేతికి తప్ప ఇవ్వననీ చెప్పు. ఆయన్ని ఆఫీసు గదిలోంచి బయటికి లాగు. గదిలో లేని మనిషికి కవరు అందదు."

ఇన్‌స్పెక్టర్ ఒకసారి కళ్లు మూసి తెరిచి, మీట నొక్కాడు. "సార్. డిస్కు నా దగ్గరే ఉంది సార్. మీ చేతికే ఇస్తాను, మీరొకసారి ఇటు..."

"అది వదిలెయ్యవయ్యా," అంది అవతలి గొంతు. చల్లగా, తీరిగ్గా ఉంది. పక్కనే ఉన్న భూతద్దానికి ప్రతి అక్షరం వినిపించింది. "మీవాడు బండి బాగా తోలాడు, ముందే వచ్చేశాడు. కవరు అందింది. ఇక ఆ డిస్కుతో నాకు పని లేదు."

ఫోను కట్ అయింది.

భూతద్దం అప్పటికే సంచి భుజాన వేసుకుని తలుపు తెరిచి పట్టుకుంది.

"ఆయనకు దారి వెతకాలి, నీకు దారి తెలుసు," అంది. "ఏడుసార్లు ఎక్కిన గుమ్మమేగా మరిదీ. నడు."